పాత ఫ్లాట్‌కి రంగులు, గ్రౌటింగ్, షెల్ఫులు: భార్యాభర్తలిద్దరమే చేసుకోగలమా?

ప్రశ్న ఇదీ. హైదరాబాద్‌లో పదిహేనేళ్ళ నాటి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ రీసేల్‌లో కొన్నారు, ఇద్దరూ ఉద్యోగస్తులే, ఇంటీరియర్ వాళ్ళ కొటేషన్ చూసి కళ్ళు తిరిగాయి, అందుకని శని ఆదివారాలు పెట్టుకుని లోపలి రంగులు, బాత్రూమ్ టైల్స్ గ్రౌటింగ్ (టైల్స్ మధ్య సందులు నింపడం), హాల్లో పుస్తకాలకి షెల్ఫులు, పాత తలుపులకి పెయింట్ తామే చేసుకుందామనుకుంటున్నారు. ఏవి చెయ్యొచ్చు, ఏవి పనివాళ్ళకి వదిలెయ్యాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడుగుతున్నారు. మధ్యలో ఒక ముక్క అన్నారు చూడండి, "మాస్టర్ బెడ్‌రూమ్‌లో ఒక గోడ కింద కొంచెం పొంగింది, లప్పం పెట్టేస్తే సరిపోతుంది కదా" అని. నేను రాసేదాంట్లో చాలా భాగం ఆ ముక్క గురించే.

ముందు సూటిగా చెప్పేస్తా. మీరు రాసిన నాలుగు పనులూ మీరిద్దరే చేసుకోవచ్చు. కానీ ఆ పొంగిన గోడలోకి తడి ఎక్కడినుంచి వస్తుందో తేలేదాకా ఆ గదిలో బ్రష్ పట్టుకోవద్దు. గోడ లోపలి వైరింగ్ మార్చడం, బాత్రూమ్ ఫ్లోర్ తవ్వడం, బిల్డింగ్ బయటి గోడలు, ఏదైనా గోడ పగలగొట్టడం, ఇవి మాత్రం మీవి కావు.

నా సంగతి కూడా చెప్పాలి కదా. మాది కాకినాడలో పెయింట్స్, హార్డ్‌వేర్ షాపు, కౌంటర్ నాది, సరుకు చూసేదీ సైట్లకి తిరిగేదీ మా ఆయన. షాపుకొచ్చే పెయింటర్ల దగ్గరా తాపీ మేస్త్రీల దగ్గరా విని, చూసి నేర్చుకున్నదే అంతా, మా ఇంటి లోపలి పని మాత్రం మేమిద్దరమే చేసుకుంటాం. ఈమధ్య మీలాంటి జంటలు బాగా వస్తున్నారు, ఫోన్‌లో వీడియో చూపించి "ఇందులో ఆయన వాడినది ఇవ్వండి" అంటారు. వీడియోలో గోడ ఎప్పుడూ పొడిగానే ఉంటుంది మరి.

గోడ ఎందుకు పొంగుతుందంటే, లోపలికి చేరిన నీళ్ళు ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాల్ని కరిగించి బయటికి తోసుకొస్తాయి, నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. ఆ ఉప్పు గట్టిపడేటప్పుడు లప్పాన్నీ పెయింట్‌నీ వెనకనుంచి నెట్టేస్తుంది. బ్లేడ్‌తో గోకితే తెల్లటి పొడి రాలుతుందే, అదే. దానిమీద కొత్తగా లప్పం పెట్టి రెండు కోట్లు వేస్తే రెండు మూడు నెలలు బానే ఉంటుంది, తర్వాత అదే చోట అదే సైజులో మళ్ళీ పెచ్చులు లేస్తాయి. డాంప్ ప్రూఫ్ అని రాసున్న డబ్బా కొన్నా అంతే, మహా అయితే ఇంకొన్నాళ్ళు ఆగుతుంది, లేదా తడి పక్కకి జరిగి ఇంకో చోట కనిపిస్తుంది. (అవి అమ్మేది నేనే, అయినా చెప్తున్నా.)

ముందు గోడకి అవతల ఏముందో చూడండి. మాస్టర్ బెడ్‌రూమ్ అన్నారు కాబట్టి అటాచ్డ్ బాత్రూమ్ గోడే అయ్యుండొచ్చు. మచ్చ నేలకి ఆనుకుని అడుగు, రెండడుగుల ఎత్తులోనే ఉంటే అనుమానం బాత్రూమ్ ఫ్లోర్ మీదా, నీళ్ళు పోయే నహానీ ట్రాప్ చుట్టూ ఉన్న జాయింటు మీదా పెట్టుకోవాలి. నడుము ఎత్తులో, షవర్ ట్యాపులకి సరిగ్గా వెనక ఉంటే గోడలో దాచిన పైపు. కిటికీ మూలల దగ్గర మొదలై వానాకాలంలో పెరిగి ఎండాకాలంలో తగ్గితే అది బయటి గోడ పగులు. సీలింగ్ మీద అయితే పై ఫ్లాట్ వాళ్ళ బాత్రూమ్, అది అసోసియేషన్‌లో మాట్లాడి తేల్చుకోవాల్సిన వ్యవహారం, మీ లప్పంతో పోయేది కాదు.

ఫ్లోర్ అనుమానమైతే మీరే పరీక్ష చేసుకోవచ్చు. ట్రాప్ నోట్లో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన గుడ్డ గట్టిగా కుక్కి, బాత్రూమ్‌లో అంగుళం లోతు నీళ్ళు నిలబెట్టండి, గుమ్మం దాటి గదిలోకి రాకుండా చూసుకోండి. టైల్ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి ఒక రోజంతా వదిలెయ్యండి, కింద ఫ్లాట్ వాళ్ళకి ముందే చెప్పి వాళ్ళ సీలింగ్ ఓసారి చూడమనండి. మట్టం బాగా దిగితే, గుడ్డ దగ్గర కారలేదని ఖాయం చేసుకున్నాక, దోషం ఫ్లోర్‌దే. అసలు దిగకపోతే ఫ్లోర్ మంచిదే, అప్పుడు ట్రాప్ కింద పైపునీ గోడలో పైపునీ ప్లంబర్‌తో ప్రెజర్ పెట్టి చూపించుకోండి. ప్లంబర్‌ని పిలిచే ముందు ఇంత తెలిసుంటే "మొత్తం తవ్వాలమ్మా" అనే మాటకి వెంటనే తలూపరు.

పోయిన సంక్రాంతి ముందు ఒక జంట మా షాపుకొచ్చారు, ఇద్దరూ టీచర్లు. వంటింటి గోడ పొంగింది, ఉన్నవాటిలో ఖరీదైన వాటర్‌ప్రూఫ్ కోటింగ్ ఇవ్వమన్నారు. అవతల ఏముందండీ అంటే వాష్ ఏరియా అన్నారు. మా ఆయన వెళ్ళి చూస్తే వాషింగ్ మెషిన్ డ్రెయిన్ పైపు గోడలోకి వెళ్ళే చోట ఖాళీ ఉంది, మెషిన్ తిరిగిన ప్రతిసారీ కొన్ని నీళ్ళు పైపులోకి పోకుండా గోడ లోపలికి పోతున్నాయి. పైపు సరిగ్గా దింపి చుట్టూ సీల్ చేశారు, కోటింగ్ అవసరమే రాలేదు. ఆ ఒక్క బేరం పోయింది గానీ వాళ్ళ ఇంటి రంగులన్నీ మా దగ్గరే కొన్నారు.

కారణం బాగుచేశాక కూడా వెంటనే లప్పం పట్టుకోకండి. ఊడిన చోటా, దానికి చుట్టూ జానెడు మేరా ప్లాస్టరింగ్ కనపడేదాకా గీకెయ్యండి, తేలిన ఉప్పుని పొడి బ్రష్‌తో దులపండి, నీళ్ళతో కడిగితే ఆ ఉప్పే కరిగి మళ్ళీ లోపలికి పోతుంది. తర్వాత ఆరనివ్వాలి, వారాలు పట్టొచ్చు, బాగా నానిన గోడైతే నెలలు కూడా. ఆరిందో లేదో తెలియాలంటే అడుగున్నర చదరం పాలిథిన్ కవర్ గోడకి పెట్టి నాలుగు వైపులా టేప్ గట్టిగా వేసి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచండి. విప్పినప్పుడు కవర్ లోపలి వైపు చెమ్మ కనిపిస్తే గోడ ఇంకా తడి వదుల్తోందని. ఈలోపు రెండో బెడ్‌రూమ్ చేసుకోండి.

సీజన్ సంగతి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. మా వైపు అందరికీ సంక్రాంతికి రంగులు కావాలి, అక్టోబర్ నవంబర్‌లో తుఫాన్లకి గోడలు నానిపోయి ఉంటాయి, డిసెంబర్‌లో హడావిడిగా వేయిస్తారు, ఉగాదికల్లా కిటికీల కింద బుడగలు. మీకు హైదరాబాద్‌లో వానలు ముఖ్యంగా జూన్ నుంచి సెప్టెంబర్ కాబట్టి ఫిబ్రవరి, మార్చి హాయిగా ఉంటుంది. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తోందంటే మిగతా గదులు పూర్తి చేసి, ఆ ఒక్క గోడ ముందు బీరువా పెట్టకుండా ఖాళీగా వదిలెయ్యండి, గాలి తగలాలి.

ఇక రంగులు. ముందు పాత గోడ మీద ఏముందో చూడండి. తడి చేత్తో గట్టిగా రుద్దితే పొడి అంటుకుంటే అది సున్నమో నాసిరకం డిస్టెంపరో, దాన్ని గీకకుండా ఏం వేసినా పొరతో సహా లేచొస్తుంది. పొడి అంటకపోతే ఎమరీ పేపర్ వేసి తుడిచి, గుంటలున్న చోట మాత్రమే లప్పం సరిపోతుంది, మొత్తం గోడకి లప్పం పెట్టాలని ఎవరన్నా అంటే ఎందుకో అడగండి.

లప్పానికి వైట్ సిమెంట్ పుట్టీ వాడుతుంటే నీళ్ళలో పొడి కొద్దికొద్దిగా వేసి ఉండల్లేకుండా గట్టి పెరుగులా కలపండి, ఒక పది నిమిషాలాగి మళ్ళీ ఓసారి కలిపి వాడండి. కలిపింది సుమారు రెండు గంటల్లో వాడెయ్యాలి, గట్టిపడ్డాక మళ్ళీ నీళ్ళు పోసి లాగితే బలం ఉండదు. అందుకే కొత్తవాళ్ళు ఒకసారి రెండు మూడు కిలోలకి మించి కలపకూడదు. రెండు పల్చటి పొరలు, ఒక మందపాటి పొర కంటే ఎప్పుడూ మేలు. ఆరాక చీకటి పడే వేళ లైట్లన్నీ ఆర్పి, టార్చ్‌ని గోడకి ఆనించి పక్కకి వెయ్యండి, పగలు కనపడని గీతలూ గుంటలూ అన్నీ నీడలు పడి బయటపడతాయి, ఆ చోట్ల పెన్సిల్‌తో సున్నా చుట్టి మర్నాడు సరిచెయ్యండి. రుద్దేటప్పుడు ముక్కుకి ఎన్95 మాస్క్ తప్పనిసరి, చున్నీ కట్టుకుంటే ఆగే దుమ్ము కాదది.

తర్వాత ప్రైమర్, అంటే పెయింట్‌కి ముందు వేసే అడుగు కోటు. దీన్నే ఎగ్గొడతారు అందరూ, "పైన రెండు కోట్లు ఎలాగూ వేస్తాం కదండీ" అని. లప్పం పెయింట్‌ని పీల్చేస్తుంది, పెట్టిన చోట ఒక రకంగా, పెట్టని చోట ఒక రకంగా, చివరికి గోడంతా మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. ప్రైమర్ లీటరు పెయింట్ లీటరు కంటే చవకే, పొదుపు చెయ్యాల్సిన చోటు ఇది కాదు.

ఎంత కొనాలంటే లెక్క తేలికే. పదడుగులు పన్నెండడుగుల గది, పదడుగుల ఎత్తు అనుకోండి. చుట్టుకొలత 44, ఎత్తుతో గుణిస్తే 440 చదరపు అడుగులు, తలుపూ కిటికీ తీసేస్తే సుమారు 400. సీలింగ్ వేరే 120. డబ్బా మీద రాసే కవరేజ్ (లీటరు ఎన్ని చదరపు అడుగులకి వస్తుందన్న లెక్క) నున్నటి గోడకి రాసింది, మామూలు ఇంటి గోడకి అందులో నాలుగో వంతు తగ్గించుకోండి. ఒక షేడ్‌కి కావలసిందంతా ఒకేసారి కలిపించుకుని, ఇంటికొచ్చాక డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్‌లో కలిపేసుకోండి, డబ్బాకీ డబ్బాకీ ఉండే కొంచెం తేడా కూడా పోతుంది. షేడ్ మెషిన్‌లో కలిపాక ఏ షాపూ వెనక్కి తీసుకోదు, మేమూ తీసుకోం. కాబట్టి ముందు చిన్న డబ్బా కొని గోడ మీద రెండడుగుల మేర వేసి, పగలు ఒకసారి, రాత్రి మీ ట్యూబ్‌లైట్ కింద ఒకసారి చూసుకుని ఇద్దరూ సరే అనుకున్నాకే మిగతాది. షేడ్ కార్డ్ దగ్గర గంటసేపు వాదించుకునే జంటల్ని రోజూ చూస్తుంటా, గోడ మీద చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇప్పుడు మీరు ఇద్దరున్నారన్నదే ఎక్కడ పనికొస్తుందో చెప్తా. ఇద్దరూ రోలర్లు పట్టుకుని ఒకే గోడ మీద పడకండి. చెయ్యి చెయ్యికీ ఒత్తిడి వేరు, ఆరాక ఎవరు ఎక్కడిదాకా వేశారో గోడే చెప్తుంది. ఒకరు రెండంగుళాల బ్రష్‌తో అంచులు, అంటే సీలింగ్ కింద, మూలలు, స్విచ్‌బోర్డుల చుట్టూ వేసుకుంటూ పోవాలి, ఇంకొకరు వెనకాలే రోలర్. అంచులు వేసేవాళ్ళు మూడు నాలుగడుగులకి మించి ముందుకి పోకూడదు. చాలామంది ముందు గోడ మొత్తం అంచులు పూర్తి చేసి, టీ తాగొచ్చి రోలర్ మొదలెడతారు, ఈలోపు అంచు ఆరిపోయి చుట్టూ ఫోటో ఫ్రేమ్ కట్టినట్టు ముదురు గీత నిలిచిపోతుంది. రోలర్‌ని ఎప్పుడూ తడిగా ఉన్న అంచు మీదకే లాగాలి. వేసేటప్పుడు ఫ్యాన్ ఆపేసి కిటికీలు తీసుంచండి, ఫ్యాన్ గాలికి పెయింట్ తొందరగా లాగేసి రోలర్ చారలు పడతాయి. నీళ్ళు డబ్బా మీద రాసిన పాళ్ళకి మించి వద్దు. కోటుకీ కోటుకీ నాలుగు గంటలైనా గ్యాప్ ఇవ్వండి.

మా ఇంట్లో అంచులు నావి, రోలర్ ఆయనది, గది మారినా మార్చుకోం. ఎవరి చెయ్యి నిలకడగా ఉందో మొదటి గోడ మీదే తెలిసిపోతుంది, తర్వాత వాదన పెట్టుకోకండి.

ఇక గ్రౌటింగ్. చాలామంది అనుకుంటున్నట్టు అది వాటర్‌ప్రూఫింగ్ కాదు. టైల్స్ మధ్య గ్రౌట్ పోతే నీళ్ళు కిందకి ఎక్కువ దిగుతాయి, నిజమే, కానీ అసలు నీళ్ళని ఆపేది టైల్స్ కింద వేసిన పొర. అది పోయుంటే పైన ఎంత గ్రౌట్ నింపినా కింద వాళ్ళ సీలింగ్ తడుస్తూనే ఉంటుంది.

గ్రౌట్ ఎందుకు పోయిందో చూస్తే మన ఇళ్ళల్లో చాలాసార్లు కారణం ఆసిడ్. బోరు నీళ్ళ తెల్లచారలు పోవాలని వారం వారం బాత్రూమ్ ఆసిడ్ పోసి కడుగుతాం, అది చారల్ని ఎలా కరిగిస్తుందో సిమెంట్ గ్రౌట్‌నీ అలాగే కరిగిస్తుంది. కొత్తగా గ్రౌట్ చేశాక ఆ అలవాటు మానెయ్యాలి, స్నానాలయ్యాక వైపర్‌తో గోడలు ఒక్కసారి లాగేస్తే చారలే పట్టవు. ఆసిడ్ పోసిన చోట బ్లీచింగ్ మాత్రం ఎప్పుడూ వెయ్యకండి, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపేసిన బాత్రూమ్‌లో ప్రాణం మీదకి వస్తుంది.

పాత గ్రౌట్‌ని టైల్ మందంలో కనీసం సగం లోతు గీకి తీసి, దుమ్ము దులిపి, పూర్తిగా ఆరాక నింపాలి, పైపైన పూస్తే నెలలోపే రేకులుగా లేస్తుంది. సిమెంట్ గ్రౌట్ చవక, తేలిక, ఒక రోజు నీళ్ళు తగలనివ్వకుండా ఉంచాలి. ఎపాక్సీ గ్రౌట్ ఖరీదు, మరకలు పట్టదు, చాలా ఏళ్ళు ఉంటుంది, కానీ కలిపాక సుమారు అరగంటే టైము. ఇదీ ఇద్దరి పనే. ఒకరు నింపుతుంటే ఇంకొకరు తడి స్పాంజితో వెంటనే తుడవాలి, టైల్ మీద ఆరిందంటే మసక పొర పట్టి ఇక పోదు. నాలుగైదు టైల్స్ మేర చేసి, తుడిచి, తర్వాత ముందుకి. కొంచెం కొంచెంగానే కలపండి, చేతికి గ్లవ్స్ వేసుకోండి. గోడా నేలా కలిసే మూలలో గ్రౌట్ వద్దు, అక్కడ పగులుతుంది, ఫంగస్ పట్టని సిలికాన్ సీలెంట్ వెయ్యండి.

షెల్ఫులకి హ్యామర్ డ్రిల్ కావాలి, కొనక్కర్లేదు, ఎవరి దగ్గరైనా ఒక రోజుకి తెచ్చుకోండి. స్విచ్‌బోర్డుకి నిలువుగా పైనా కిందా, అడ్డంగా అదే వరసలో రంధ్రం పెట్టకండి, వైర్లు ఎక్కువగా అలాగే వెళ్తాయి. బాత్రూమ్ అవతలి గోడ అయితే ట్యాపుల ఎత్తు తప్పించండి. మెయిన్ ఆపి, ఎక్స్‌టెన్షన్ బయటినుంచి లాక్కుంటే ఇంకా మంచిది. రంధ్రంలోంచి వచ్చే పొడి చూడండి: ఎర్రగా వస్తే ఇటుక, ప్లగ్ (స్క్రూ బిగించడానికి రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ ముక్క) బాగా పట్టుకుంటుంది. బూడిద రంగు వచ్చి బిట్ ముందుకి కదలకపోతే అది పిల్లరో బీమో, బలం చూపించి తొయ్యకుండా చోటు మార్చండి. తెల్లగా మెత్తగా సుద్దలా రాలితే తేలికపాటి బ్లాకు, దానికి మామూలు ప్లగ్ పనికిరాదు, పొడవాటి నైలాన్ యాంకర్లు అడగండి. పుస్తకాలు పెడతామన్నారు కదా, అడుగు పొడవు పుస్తకాల వరస దాదాపు పది కిలోలు తూగుతుంది, ఆ లెక్కన బ్రాకెట్లు చూసుకోండి. టైల్ మీద అయితే మాస్కింగ్ టేప్ అంటించి, పైనున్న మెరుపు పొర దాటేదాకా డ్రిల్‌లో హ్యామర్ మోడ్ ఆపేసి, మామూలుగా తిప్పాలి.

తలుపుల దగ్గర ఒక జాగ్రత్త. ఇళ్ళకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎమ్ (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న రూల్ మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మీ ఫ్లాట్ అంతకంటే పాతది, అంటే ఆ తలుపుల మీదా గ్రిల్స్ మీదా ఉన్న ఎనామిల్ (ఆయిల్ పెయింట్)‌లో సీసం ఉండొచ్చు, పసుపు, ఎరుపు లాంటి ముదురు రంగుల్లో ఇంకా ఎక్కువ. పొడిగా రుద్దకండి, రుద్దే మెషిన్ అసలు పెట్టకండి. వాటర్‌ప్రూఫ్ ఎమరీ పేపర్ తడిపి రుద్ది, ఆ బురదని పాత గుడ్డతో తుడిచి కవర్‌లో కట్టి పడెయ్యండి. చిన్నపిల్లలూ కడుపుతో ఉన్నవాళ్ళూ ఆ రోజు ఇంట్లో ఉండకూడదు.

కరెంటు పనిలో మీరు చెయ్యాల్సింది ఒక్కటే, ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్, ఉందో లేదో చూడటం. బోర్డులో టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోయినా, అసలు లేకపోయినా డ్రిల్ పట్టుకునే ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి 30 మిల్లీ యాంప్స్‌ది పెట్టించుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలన్నారు కదా, రెండో బెడ్‌రూమ్‌లో వార్డ్‌రోబ్ వచ్చే గోడతో. చెయ్యి కుదిరేదాకా ఎలా వచ్చినా వార్డ్‌రోబ్ వెనక్కి పోతుంది. ఒక గదికి రెండు వారాంతాలు అనుకోండి, లప్పం ఆరడానికే సగం టైము పోతుంది. హాలు చివర్లో పెట్టుకోండి. మిగిలిన పెయింట్ చిన్న గాలిచొరని డబ్బాల్లోకి మార్చి, మూత మీద గది పేరూ షేడ్ కోడూ తేదీ రాసి దాచండి, మేకులు పీకిన చోటా సోఫా గీసిన చోటా అదే పనికొస్తుంది.